కిసుము వెళ్తున్నాను, ఆ వైపు మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కావలి అమ్మాయి (ప్రస్తుతం బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర, జువ్వలదిన్నె వైపు పల్లె. ఎంబీఏ అయ్యాక నాలుగేళ్లుగా బెంగళూరులో సప్లయ్ చైన్ ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడు ఏడాది సెలవు పెట్టి కెన్యాలోని కిసుముకి వెళ్తున్నాను. విక్టోరియా సరస్సు ఒడ్డున ఎండు చేపలు అమ్ముకునే ఆడవాళ్ల సంఘం ఒకటుంది. వాళ్లకి లెక్కలు, ధరలు, మార్కెట్ చూసిపెట్టడం నా పని. జీతం ఉండదు, ఇంటద్దెకీ తిండికీ సరిపడా స్టైపెండ్ ఇస్తారు.

అమ్మకి ఒకటే టెన్షన్. నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. "మన చెరువు ఖాతా పుస్తకం ఏనాడైనా తెరిచి చూశావా? అక్కడికెళ్లి ఏం ఉద్ధరిస్తావమ్మా" అని నవ్వుతున్నాడు. నవ్వులాటకి అన్నా నాకు గుచ్చుకుంది. వెళ్లేముందు ఏం సర్దుకోవాలో, వెళ్లాక మొదటి నెల ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కందుకూరు వాడు (నైరోబి)

చెల్లీ, నేను పదకొండేళ్లుగా నైరోబిలో అకౌంట్స్ పని చేస్తున్నా. ముందు అమ్మగారి కోసం నాలుగు మాటలు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకో. మనకి దగ్గర చెన్నై, గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే ఉండాలి. అది లేకుండా తిరిగి ఇండియాలో దిగితే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టే అవకాశం ఉంది. నైరోబి బాగా ఎత్తు మీద ఉన్న ఊరు కాబట్టి మాకు దోమల బెడద తక్కువ. కిసుము సరస్సు పక్కన ఉంది, అక్కడ మలేరియా బాగా ఎక్కువ. మలేరియా మాత్రల సంగతి బయల్దేరేముందే డాక్టర్‌ని అడిగి రా, రాత్రిపూట దోమతెర మానొద్దు. జ్వరం వస్తే ప్రయాణ బడలిక అనుకుని పడుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకో.

2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి, ఇస్తున్నారు. అది దేశంలోకి రావడానికి మాత్రమే. పని చేయడానికి పర్మిట్ వేరే, అది నిన్ను పిలిచిన సంస్థ తీసుకోవాలి. "వచ్చాక చూద్దాంలే" అంటే ఒప్పుకోకు, అప్లికేషన్ కాగితం చూపించమను.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు ఇక్కడ 2017 ఆగస్టు నుంచి నిషేధం. ఆవకాయని కవర్ల మీద కవర్లు చుట్టి పంపడం మన అమ్మలందరికీ అలవాటు కదా. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, పైన గుడ్డసంచి వేయమను.

గడియారం గురించి కూడా తెలుసుకో. స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు. "సా తాతు" అంటే మాటకి మూడు గంటలు, మన లెక్కలో పొద్దున తొమ్మిది. ఇక్కడికొచ్చిన మొదటి నెలలో ఒక మీటింగ్‌కి నేను ఠంచనుగా మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డా.

ఇక పని. నువ్వు చూడబోయే చేప పేరు ఒమేనా. మన నెత్తళ్లలాగా చిన్నది, ఎండబెట్టి అమ్ముతారు. రాత్రిపూట పడవల్లో దీపాలు పెట్టి, ఆ వెలుగుకి చేరిన చేపని పడతారు. వెన్నెల బాగా ఉంటే దీపానికి చేప రాదు, అందుకని పున్నమి ముందూ వెనకా వేట పడిపోతుంది. ఆ ఒడ్డున డబ్బు చీకటి రాత్రుల్లో వస్తుందన్నమాట. పైగా మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపినట్టే, అక్కడ ఒమేనాకి ఏప్రిల్ నుంచి జూలై దాకా విరామం.

ఇది తెలియకుండా నువ్వెళ్లి "ప్రతి నెలా ఐదో తారీఖున కిస్తీ" అని ఒక పట్టిక గీశావనుకో. ఐదో తారీఖు పున్నమి దగ్గర పడిన నెలలో వాళ్లు ఇంకొకరి దగ్గర అప్పు చేసి నీ కిస్తీ కడతారు. నీ రిపోర్టులో మాత్రం అంతా సకాలంలో కట్టినట్టే ఉంటుంది.

అందుకని మొదటి నెల ప్రెజెంటేషన్లు, ప్లాన్లు ఏమీ వద్దు. డబ్బు ఏ రోజున వస్తుంది, ముందు ఎవరి చేతిలో పడుతుంది, అక్కడినుంచి ఎవరికి పోతుంది అన్నది రాసుకో, చాలు. ఎంపెసా, అంటే ఇక్కడి ఫోన్ డబ్బు, దాని ఛార్జీలు కూడా రాయి. ఫోన్లో డబ్బు పంపడం వీళ్లకి 2007 నుంచే ఉంది, మన ఫోన్‌పేకి చాలా ముందు. అయితే మనకి ఊరికే అయ్యే పనికి ఇక్కడ చాలావాటికి ఛార్జీ పడుతుంది. చిన్న వ్యాపారంలో అది లాభాన్ని తినేస్తుంది, లెక్కలో మాత్రం ఎవరూ వేయరు.

ఒంగోలు అక్క (కంపాలా)

అన్న చెప్పినదానికి నా కథ ఒకటి కలుపుతాను, నవ్వుకోండి.

ఎనిమిదేళ్ల కింద నేనూ నీలాగే వచ్చాను. ఉగాండా పల్లెలో వేరుశనగ వేసే ఆడవాళ్ల సంఘం, పది నెలల పని. వెళ్లిన రెండో వారానికే ఎక్సెల్ షీట్ తయారు చేశాను. రంగులు, గ్రాఫులు, స్టాకు తగ్గితే ఎర్రగా మారే గడి, ఒకటేమిటి. సంఘానికి ఒక లాప్‌టాప్ ఇప్పించి కోశాధికారికి నేర్పాను. ఫోటోలు దిగాం, మా సంస్థ వాటిని వార్షిక నివేదికలో వేసుకుంది.

ఏడాది తర్వాత చూడ్డానికి వెళ్లాను. లాప్‌టాప్ భద్రంగా ఉంది. ఎంత భద్రంగా అంటే, పెళ్లిచీరలాగా గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టారు. మరి లెక్కలెక్కడ అని అడిగితే కోశాధికారి లోపలినుంచి ఒక స్కూలు నోటుబుక్కు తెచ్చింది. నిలువు గీతలు, చుక్కలు, కొన్నిచోట్ల చిన్న బొమ్మలు. ఎవరు ఎన్ని బస్తాలు తెచ్చారు, ఎవరికెంత బాకీ, ఎవరి బిడ్డకి ఒంట్లో బాగాలేక ఆ వారం వదిలేశారు, అన్నీ ఉన్నాయి. కూర్చుని లెక్కేస్తే తేడా రాలేదు. ఆ పుస్తకం నేను రాకముందు నుంచీ ఉంది. ఉన్న పది నెలల్లో ఒక్కసారి కూడా నేను దాన్ని చూపించమని అడగలేదు.

ఆ రోజు చేసిన పని మాత్రం పనికొచ్చింది. ఆమె పుస్తకంలో లేనివి రెండే: వేయించడానికి కట్టెలు, ఒలవడానికి వాళ్ల కూలి. అవి ఎప్పుడూ ధరలో వేసుకోలేదు. ఆ రెండింటికీ అదే నోటుబుక్కులో ఇంకో రెండు గీతలు గీశాం. మధ్యాహ్నం మొదలుపెట్టి చీకటి పడేలోపు అయిపోయింది.

ఆడపిల్లవి కాబట్టి ఒక మాట. సాయంత్రాలు బోడాబోడా (అద్దె మోటారు సైకిల్) ఎక్కేటప్పుడు తెలిసినవాడి బండే ఎక్కు, మీ సంఘం ఆడవాళ్లనే నంబరు అడుగు. వాళ్లు చెప్పిన మనిషైతే నమ్మొచ్చు.

మార్కాపురం (న్యూజెర్సీ)

ఏమీ అనుకోవద్దు, తెలియక అడుగుతున్నా. మా కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లు ఉన్నారు. పొగాకు రైతు వేలం దగ్గర ధర కోసం ఎదురుచూస్తున్నాడు. అవన్నీ వదిలి ఆఫ్రికా దాకా పోయి సేవ చేయడం ఎందుకు? రెజ్యూమేలో బాగుంటుందనా?

నెల్లూరు పెద్దాయన (డాలస్, కొడుకు దగ్గర)

నాయనా, ఆ ప్రశ్న అడగాల్సిందే, తప్పు లేదు. రెజ్యూమే కోసం వెళ్లేవాళ్లూ ఉంటారు. ఈ పిల్ల నాన్న మాట గుచ్చుకుందని తనే రాసుకుంది కదా, అలాంటి వాళ్లు వెళ్తే నష్టం లేదు. పైగా మన జిల్లా వాళ్లకి ఈ విషయంలో చెప్పడానికి మంచీ ఉంది, చెడూ ఉంది. రెండూ చెప్తాను.

తొంభైల్లో నేను బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుని. 1991లో పెద్దలకి చదువు నేర్పే అక్షర దీపం రాత్రిబడులు మొదలయ్యాయి. ఆ చదువుల ఊపులోనే దూబగుంట రోసమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. అదే ఊపులో మన జిల్లాలో రోజుకో రూపాయి దాచే సంఘాలు పుట్టాయి. పొదుపులక్ష్మి అనేవాళ్లం. సంఘం తరఫున ఖాతా తెరవమని వస్తే, మా బ్రాంచిలో "ఎవరి పేరున తెరవాలి, పూచీ ఎవరు" అని నసిగాం. ఆ నసిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రూపాయి ఆలోచనకి కావలసిన వ్యాపార తెలివి వాళ్ల దగ్గర అప్పటికే ఉంది. లేనిదల్లా బ్యాంకు గుమ్మం దాటే దారి. ఆ పని మాది, మేం ఆలస్యం చేశాం.

రెండోది చెడు. ఆ తర్వాత చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల తరఫున బాగా చదువుకున్న కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద ఊళ్లలోకి వచ్చారు. పేదలకి అప్పు అందించడమే సంఘసేవ, అది లాభంతో చేస్తే ఇంకా ఎక్కువమందికి అందుతుంది అన్నారు. మాటలో తప్పు లేదు. కానీ ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల అప్పులు, వారం వారం వసూలు. వసూలు శాతం చూసి అందరూ మురిసిపోయారు. ఒక కంపెనీ కిస్తీ ఇంకో కంపెనీ అప్పుతో కడుతున్నారని తెలిసేసరికి ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వసూళ్లు పోయి నెలవారీ అయ్యాయి, ఇంటి మీదికి వెళ్లి అడగకూడదన్నారు. ఆపైన కట్టడమే ఆగిపోయింది.

కందుకూరు అబ్బాయి చెప్పిన పున్నమి కిస్తీ చదవగానే నాకు ఇదంతా గుర్తొచ్చింది. ఆ కుర్రాళ్లు చెడ్డవాళ్లు కాదమ్మా. వాళ్ల టార్గెట్‌లో ఆ ఇంటి లెక్క లేదు, అంతే. నీ టార్గెట్ ఎవరు రాశారో వెళ్లేముందే కనుక్కో. "ఇన్ని గ్రూపులు, ఇంతమందికి శిక్షణ" అని మాత్రమే ఉంటే, అక్కడే కూర్చుని మార్పించుకో. వెళ్లాక మార్చడం కష్టం.

ఒంగోలు అక్క (కంపాలా)

పెద్దాయనా, ఖాతా తెరవడానికి నసిగామని ఒప్పుకున్నారే, ఆ మాటకి దండం.

కావలి చెల్లీ, ఒక విషయం ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఆ సరస్సు ఒడ్డున 'జబోయా' అనే మాట వింటావు. చేప కావాలంటే డబ్బుతో పాటు పడవవాడితో పడుకోవాల్సి రావడం. హెచ్ఐవీ బాధ ఎక్కువగా ఉన్న తీరం అది. బయటివాళ్లు ఎవరు వచ్చినా దీనికి అవగాహన సదస్సులు పెడతారు. ఆ ఆడవాళ్లకి అవగాహన లేక కాదు, పడవ లేక. కిసుము దగ్గర్లోనే ఒక బీచ్‌లో 2011లో కొందరు ఆడవాళ్లు సహాయంతో సొంత పడవలు సంపాదించుకుని, మగవాళ్లని కూలికి పెట్టుకున్నారు. పడవ తమదయ్యాక పట్టిన చేప ఎవరికి ఇవ్వాలో తామే చెప్పారు. అదీ నున్నగా సాగలేదు. చెక్క పుచ్చిపోవడం, రిపేర్ల ఖర్చు, 2020 వరదల్లో ఊరే మునిగిపోవడం.

నీ చదువు పనికొచ్చేది ఆ రిపేర్ డబ్బు దగ్గరే. పడవ ఇచ్చిన రోజు ఫోటో తీయడానికి చాలామంది వస్తారు. మూడేళ్ల తర్వాత పలకలు మార్చడానికి రోజుకి ఎంత పక్కన పెట్టాలో కూర్చుని లెక్కేసేవాళ్లు తక్కువ. జబోయా మాట మాత్రం నువ్వు ముందు ఎత్తకు. వాళ్లకి నీ మీద నమ్మకం కుదిరాక వాళ్లే చెప్తారు, లేదా చెప్పరు.

కావలి అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. పెద్దాయనా, మీరు చెప్పినట్టే టార్గెట్ కాగితం అడిగాను. అచ్చంగా "60 మందికి శిక్షణ" అని ఉంది! దాన్ని మార్చమని మెయిల్ పెట్టాను, చూడాలి.

మార్కాపురం అన్నా, మీ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు. తిరిగొచ్చాక మొదట మా నాన్న ఖాతా పుస్తకం తెరుస్తాను, అది మాత్రం మాట ఇస్తున్నా.

ఈ మెసేజీలన్నీ నాన్నకి చదివి వినిపించాను. వెన్నెల్లో వేట ఉండదన్న చోట ఆపమన్నాడు. అమావాస్యకీ పున్నమికీ రొయ్య గుల్ల విడుస్తుంది, ఆ రోజుల్లో మేత తగ్గిస్తాం, మనకీ చంద్రుడి లెక్కే కదా అన్నాడు. అప్పట్నుంచి ఒకటే ప్రశ్నలు. "మన రొయ్యకి కౌంట్ ఉంది, కిలోకి ముప్పయ్యా, వందా అని. వాళ్ల చేపని దేంతో కొలుస్తారు? కాటా ఎవరిది?" అని అడగమన్నాడు. అమ్మ మాత్రం స్టీలు డబ్బాలు కడుగుతోంది.

కందుకూరు వాడు (నైరోబి)

నాన్నగారు అసలు ప్రశ్న పట్టుకున్నారు. చిల్లరగా అమ్మేచోట కాటా ఉండదు చెల్లీ. గోరోగోరో అని రేకు డబ్బా, సుమారు రెండు కిలోలు పట్టేది, మన మానికలాగా. ఆ డబ్బా అడుగు లోపలికి సొట్ట పడి ఉందా లేదా, పైన గోపురంలా పోస్తారా, అరచేత్తో చదును చేస్తారా, కొనేటప్పుడు ఒక డబ్బా, అమ్మేటప్పుడు ఇంకో డబ్బా వాడతారా అన్నది బీచ్‌కో తీరు. బెంగళూరులోనే ఒక చిన్న స్ప్రింగు కాటా కొని పెట్టెలో వేసుకో. మొదటి వారం అది బయటికి తీయొద్దు, ఊరికే చూస్తూ ఉండు. చూశాక ఇక్కడ రాయి, నాన్నగారితో పాటు నాకూ తెలుసుకోవాలని ఉంది.