గోడౌన్ మన గిడ్డంగేనా?

కృష్ణాతీరం:
వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ఇంగ్లీషువాళ్ల గోడౌన్ మన గిడ్డంగి నుంచే పుట్టిందట. మా బాబాయ్ ఇంకో కథ చెప్తాడు: దొర సరుకు కింద దించమని కూలీలతో ‘గో డౌన్’ అన్నాడు, అదే పేరై కూర్చుందని. ఏది నిజం?

పాతదస్త్రం:
మీ బాబాయిగారిది కట్టుకథ. మలయా భాషలో గోదాముని ‘గుదాంగ్’ అంటారు. పోర్చుగీసువాళ్లు 1511లో మలక్కా పట్టుకుని అక్కడే తిష్ఠ వేశారు, ఆ మాటను తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. వాళ్ల నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ‘గో’, ‘డౌన్’ తెలిసిన మాటలే కాబట్టి స్పెల్లింగు అలా స్థిరపడింది. వాట్సాప్ పోస్టుని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, మాట తూర్పు రేవుల మీదుగా వచ్చినా మూలం దక్షిణ భారతమే అంటూ తెలుగు గిడ్డంగినీ తమిళ కిడంగునూ చూపిస్తుంది.

కృష్ణాతీరం:
ఇంకేం, మనదే! బందరు ఓడలు తూర్పు దేశాలకు పోయేవి కదా.

సంధివిగ్రహం:
అంత తొందరొద్దండీ. తమిళంలో ‘కిడ’ అంటే పడి ఉండటం. కిడంగు అంటే సరుకు పడి ఉండే చోటు. ‘కి’, ‘కె’తో మొదలయ్యే ఇలాంటి మాటల్లో తమిళంలో ‘క’ నిలుస్తుంది, తెలుగులో ‘చ’ అవుతుంది. వాళ్ల కెడు మన చెడు, వాళ్ల కిళి మన చిలుక. గిడ్డంగి పుట్టుకతో తెలుగైతే ‘చి’తో మొదలవ్వాలి. నా లెక్కలో మనమూ అరువు తెచ్చుకున్నదే.

కృష్ణాతీరం:
మరి ‘కింద’ ఎందుకు ‘చింద’ కాలేదు?

సంధివిగ్రహం:
పాత రూపం ‘క్రింద’. మధ్యలో ర అడ్డుంది.

సింగపూరు సుబ్బు:
మూలం సంగతి నాకు తెలీదు గానీ, ఇది ఆసియా రేవుల ఇంగ్లీషు. హాంకాంగ్‌లో 1886లోనే పేరులో గోడౌన్ ఉన్న వార్ఫ్ కంపెనీ పెట్టారు. ఇక్కడ సింగపూరులో నది ఒడ్డు పాత గోడౌన్లలో ఇప్పుడు రెస్టారెంట్లు, బార్లు. లండన్ నుంచి వచ్చిన మా మేనేజరుకి ‘స్టాక్ గోడౌన్‌లో ఉంది’ అని మెయిల్ పెడితే, ‘అది ఏ ఊరు?’ అని అడిగాడు! వాళ్లకి వేర్‌హౌస్ అనాలి.

మిల్లుబాబు:
మా మార్కెట్ యార్డులో బోర్డు మీద గిడ్డంగి అనే రాసుంటుంది. హమాలీలు మాత్రం లారీ డ్రైవరుతో ‘రెండో గోడౌన్‌కి పెట్టు’ అంటారు. వాట్సాప్‌లో గర్వపడేవాళ్లు ముందు ఆ మాట వాడితే బాగుండు.

సంధివిగ్రహం:
కృష్ణాతీరం గారూ, పోర్చుగీసువాళ్లు రాకముందటి తెలుగు శాసనంలో గిడ్డంగి కనిపిస్తే ఫొటో పెట్టండి. అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.