టైల్స్ మీద సబ్‌వూఫర్ జారిపోతోంది, ఆపేదెలా?

హాల్_5.1:
12 అంగుళాల సబ్‌వూఫర్ (బాస్ స్పీకర్), పోర్టెడ్ బాక్స్ (గాలి గొట్టం ఉన్నది), డ్రైవర్ (శబ్దం చేసే స్పీకర్ భాగం) ముందువైపుకి. బరువు 15 కిలోలు. అడుగున గట్టి ప్లాస్టిక్ కాళ్లు, నేల విట్రిఫైడ్ టైల్స్. పేలుళ్ల సీన్ వస్తే చాలు, బాక్స్ పక్కకి జరుగుతుంది. సినిమా అయ్యేసరికి రెండంగుళాలు పోతోంది, అదీ ఎప్పుడూ టీవీ యూనిట్ వైపుకే. వెనక కేబుల్ బిగుసుకుపోతోంది. స్పైకులు (మొనదేలిన లోహపు కాళ్లు) వేయమని ఒకరు, పైన బరువు పెట్టమని ఇంకొకరు. ఏది పనిచేస్తుంది?

కోన్_కాయిల్:
కోన్ (డ్రైవర్‌లో ముందుకీ వెనక్కీ ఆడే గరాటు) ముందుకు దూకిన ప్రతిసారీ అంతే బలం బాక్స్‌ని వెనక్కి నెడుతుంది. కదిలే భాగం 150 గ్రాములు, 25 హెర్ట్జ్ దగ్గర అటు 10 మి.మీ., ఇటు 10 మి.మీ. ఆడుతోందనుకోండి, ఆ తోపు 37 న్యూటన్లు. మీ బాక్స్ బరువు 147 న్యూటన్లు. నున్నటి టైలు మీద ప్లాస్టిక్ ఘర్షణ గుణకం 0.2 వేసుకుంటే పట్టు 29 దగ్గరే ఆగింది. జారక ఏం చేస్తుంది?
పైన 5 కిలోలు పెడితే ఆ 29 కాస్తా 39 అవుతుంది, బొటాబొటి. పెట్టిన వస్తువు గలగలమనడం అదనం. అదే రబ్బరు కాళ్లు వేసి గుణకం 0.6కి తెస్తే పట్టు 88. కాబట్టి కాళ్లు మార్చండి.
ఎప్పుడూ ఒకే వైపు పోతోందంటే నేల వాలు అయినా ఉండాలి, ఒక కాలు గాల్లో అయినా ఉండాలి. విజిటింగ్ కార్డు ఒక్కో కాలి కింద దూర్చి చూడండి. సులువుగా దూరిన చోట పల్చటి వాషర్ వేసి ఎత్తు సరిచేయండి.

18ఎంఎం_బోర్డు:
స్పైకులు మాత్రం వద్దు. అవి కార్పెట్‌లోంచి దిగి కింది నేలని పట్టుకోవడానికి. టైలు మీద గీతలు పడతాయి తప్ప పట్టు రాదు.
హార్డ్‌వేర్ షాపులో లోపల ఇనుప వాషర్ ఉన్న రబ్బరు బుష్‌లు దొరుకుతాయి. 40 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. ఎత్తువి నాలుగు తీసుకోండి. దుప్పటి పరిచి బాక్స్‌ని పక్కకి పడుకోబెట్టండి, డ్రైవర్ మీదకి బోర్లించొద్దు. బోర్డు 18 మి.మీ. ఉంటే స్క్రూ లోపలికి 14 దాటకూడదు. బుష్‌లో వాషర్ కింద 6 మి.మీ. రబ్బరు ఉంటే 20 మి.మీ. స్క్రూ సరిపోతుంది. అవతలికి పొడుచుకొస్తే అక్కడినుంచి గాలి లీకై ఈల మోత వస్తుంది. 4 మి.మీ. స్క్రూకి 3 మి.మీ. బిట్‌తో ముందు రంధ్రం వేయండి, బిట్‌కి 12 మి.మీ. దగ్గర టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. ఎండీఎఫ్‌లో (చెక్కపొడి అదిమి చేసిన బోర్డు) రంధ్రం లేకుండా బిగిస్తే పొర ఉబ్బి చీలుతుంది.
డ్రైవర్ కిందికి ఉన్న మోడల్ అయితే కొత్త కాళ్ల ఎత్తు పాతవాటికి తగ్గకూడదు.
ఇంకోటి, చాలామంది వదిలేసేది: ఫ్లోర్ క్లీనర్ పొర. ఆ చోటుని మంచినీళ్లతో, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరుని కూడా. కేబుల్‌కి ఒక అడుగు వదులు ఇవ్వండి, గట్టి కేబుల్ కూడా లాగుతుంది.

ట్యూనింగ్_పోర్ట్:
కాళ్ల సంగతి సరే, సెట్టింగ్స్ చూశారా? పోర్ట్ ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కిందికి వెళ్తే కోన్‌కి గాలి ఆసరా పోతుంది. ఆట విపరీతం, శబ్దం తక్కువ. ఏవీఆర్‌లో (స్పీకర్లని నడిపే రిసీవర్) "ఎల్ఎఫ్ఈ+మెయిన్" ఉంటే "ఎల్ఎఫ్ఈ"కి (సినిమాలోని ప్రత్యేక బాస్ ట్రాక్) మార్చండి, ముందు స్పీకర్లు "స్మాల్", క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింది బాస్ సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్. 20-30 హెర్ట్జ్ మధ్య ఈక్వలైజర్ పెంచి ఉంటే దించేయండి. సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ లోతైన ఫ్రీక్వెన్సీలని ఆపేది) ఉంటే ఆన్ చేయండి. లెవెల్ 6 డీబీ తగ్గిస్తే కోన్ ఆట సగమవుతుంది, పైన చెప్పిన 37 న్యూటన్లు 18కి దిగుతాయి. తగ్గిన బాస్‌లో కొంత మూలకి జరిపితే తిరిగొస్తుంది, కాకపోతే పోర్ట్ వెనక ఉంటే గోడకి 15 సెం.మీ. వదలండి. పెద్ద సీన్లలో "టప్ టప్" వినిపిస్తే కాయిల్ (కోన్‌ని ఆడించే తీగచుట్ట) అడుగున తగులుతున్నట్టే, వెంటనే తగ్గించండి.

హాల్_5.1:
థాంక్సండీ. కార్డు పెట్టి చూస్తే వెనక ఎడమ కాలు నిజంగానే గాల్లో ఉంది. నల్ల రబ్బరు నేల మీద మరక వేస్తుందా? కింద బండ వేసుకుంటే?

కడప_బండ:
మార్బుల్, వినైల్ మీద నల్ల రబ్బరు నెలల తరబడి ఉంటే మరక పడుతుంది. మధ్యలో 2 మి.మీ. సిలికాన్ షీట్ ముక్క వేసేయండి.
బండ మంచి ఆలోచనే. గ్రానైట్ షాపులో మిగిలిన ముక్క అడగండి. 18×18 అంగుళాలు, 20 మి.మీ. మందం అయితే 11 కిలోల పైనే ఉంటుంది. దాని కింద 5 మి.మీ. రబ్బరు మ్యాట్, అప్పుడే బండ కదలదు. కడప బండ అయినా పర్లేదు. పాలిష్ వైపు కిందికి, గరుకు వైపు పైకి. తిరగేసి వేస్తే సబ్‌వూఫర్ ఈసారి బండ మీద జారొచ్చు. పైన మాత్రం ఆ రబ్బరు కాళ్లు ఉండాల్సిందే.