పాత ఐ5, 750 టీఐ మీద జీటీఏ 5: ఏ సెట్టింగ్ తగ్గించాలి?

గూడెం కుర్రాడు:
అందరికీ నమస్తే. మా మావయ్య ఆఫీసులో వాడి పక్కన పెట్టేసిన కంప్యూటర్ నాకిచ్చారు. ఐ5 3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, 1600 బై 900 మానిటర్. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులతో జీటీఎక్స్ 750 టీఐ 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నేను కొన్నదానికి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, పాత పవర్ సప్లై మార్చక్కర్లేదని అదే తీసుకున్నా.

జీటీఏ 5 గేమ్ ఆడాలని ఎనిమిదో తరగతి నుంచీ కోరిక. సిటీలో 45 ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్క) వస్తోంది. గేమ్‌లోని గ్రేప్‌సీడ్ పొలాల వైపు వెళ్తే మాత్రం 22కి పడిపోతుంది. ఇరవై నిమిషాలు ఆడాక సిటీలో కూడా ఆగి ఆగి నడుస్తోంది. ఒక వీడియో చూసి రిజల్యూషన్ 1280 బై 720కి దించాను, టెక్స్చర్ (రోడ్లు, గోడల మీది బొమ్మల స్పష్టత) నార్మల్, జనాల స్లైడర్ సున్నా. రోడ్లు బురద పూసినట్టున్నాయి, ఊరు కర్ఫ్యూ పెట్టినట్టుంది. గడ్డి వెరీ హై, ఎంఎస్ఏఏ ఎక్స్4 ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. ఇంకేం తగ్గించాలి?

రాత్రి డ్యూటీ:
కార్డు మార్చెయ్ బ్రదర్. 2014 నాటి కార్డు అది, ఎంత తిప్పినా ఇంతే.

గూడెం కుర్రాడు:
ఇప్పట్లో డబ్బుల్లేవన్నా. ఉన్నదాంతోనే ఆడాలి.

నెట్‌సెంటర్ బాబాయ్:
కార్డు మార్చక్కర్లేదు తమ్ముడూ. నా నెట్ సెంటర్‌లో ఆరు మెషీన్లు ఇదే కార్డుతో నాలుగేళ్ళు నడిపాను. నువ్వు తగ్గించాల్సినవి వదిలేసి, ఉంచాల్సినవి తగ్గించావు.

ముందు ఎంఎస్ఏఏ పూర్తిగా ఆఫ్ చెయ్. అంచుల్లో మెట్లు కనిపించకుండా చూసేది అదే, కానీ ఈ కార్డు మొయ్యలేని బరువు. దాని బదులు ఎఫ్ఎక్స్ఏఏ ఆన్ చెయ్, కొంచెం మసకగా ఉంటుంది కానీ ఎఫ్‌పీఎస్ పెద్దగా తినదు. తర్వాత గడ్డిని నార్మల్‌కి దించు. పొలాల దగ్గర నిన్ను పడేస్తున్నది అదే. సిటీలో గడ్డి తక్కువ కాబట్టి అక్కడ తేడా తెలియలేదు.

టెక్స్చర్ సంగతి వేరు. అది ముఖ్యంగా కార్డు మెమరీని తింటుంది. మెమరీలో పట్టినంతవరకూ స్పీడు అంతగా తగ్గదు. గ్రాఫిక్స్ మెనూలో వీడియో మెమరీ ఎంత వాడుతోందో ఒక గీత కనిపిస్తుంది చూడు. ఎంఎస్ఏఏ తీసేయగానే అది బాగా తగ్గుతుంది. గీత నీ 2 జీబీ దాటనంతవరకూ టెక్స్చర్ పెంచుకో, రోడ్లు రోడ్లలా కనిపిస్తాయి. రిజల్యూషన్ మళ్ళీ 1600 బై 900 పెట్టు, మానిటర్ సైజుకి సరిపోనిది పెడితే అక్షరాలు కూడా అలుక్కుపోతాయి.

జనాల స్లైడర్ ఎక్కువగా ప్రాసెసర్ మీద పడే పని. బరువు ఎవరి మీద ఉందో తెలియాలంటే, అదే మెనూలో ట్యాబ్ నొక్కితే బెంచ్‌మార్క్ (స్పీడు కొలిచే పరీక్ష) నడుస్తుంది. 900లో ఒకసారి, 720లో ఒకసారి నడుపు. 720లో ఎఫ్‌పీఎస్ పెరిగితే ఇబ్బంది కార్డుది. పెరగకపోతే ప్రాసెసర్‌ది. నాకు తెలిసి నీది కార్డే, కాబట్టి జనాన్ని సగం దాకా వెనక్కి రానివ్వు.

ఇరవై నిమిషాల తర్వాత ఆగడం మాత్రం సెట్టింగ్స్ వల్ల అనిపించట్లేదు. ప్రాసెసర్ వేడెంతో చూసి చెప్పు.

గూడెం కుర్రాడు:
చూశాను బాబాయ్. ఆట మొదలైనప్పుడు 70 డిగ్రీలు, పావుగంటకి 98. మాది రేకుల గది, మధ్యాహ్నం మామూలుగానే ఉక్క.

నెట్‌సెంటర్ బాబాయ్:
అదే సంగతి. అలా పెరుగుతూ హద్దు దాకా వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. ప్లగ్ తీసేసి మూత విప్పు. ఇంటెల్ ఫ్యాన్‌కి నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి, బాణం గుర్తు వైపు పావు వంతు తిప్పితే వదులవుతాయి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, తిరగనివ్వకు. ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ (వేడిని ఫ్యాన్ కింది రేకులకి చేరవేసేది) తుడిచేసి కొత్తది కందిగింజంత చాలు. మళ్ళీ బిగించేటప్పుడు పిన్నుల్ని వెనక్కి తిప్పి, ఎదురెదురు మూలల్లోవి ముందు నొక్కు.

గూడెం కుర్రాడు:
చేశాను బాబాయ్! ఫ్యాన్ తీస్తే కింద రేకుల మీద దుమ్ము పలచటి దుప్పటిలా పేరుకుని ఉంది, చివర పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడొచ్చింది. పేస్ట్ ఎండిపోయి సున్నం పెచ్చులా రాలింది. ఇప్పుడు గంటసేపు ఆడినా 76 దాటలేదు. పొలాల దగ్గర 43, సిటీలో 55 వస్తోంది, అదీ 900లో. టెక్స్చర్ హై పెట్టినా గీత 2 జీబీ లోపే ఉంది. ఆశకొద్దీ గడ్డి హై చేసి చూశా, 34కి పడింది, మళ్ళీ నార్మల్ చేసేశా. చాలా థ్యాంక్స్ బాబాయ్, రాత్రి తమ్ముడూ నేనూ గేమ్‌లో పాలెటో బే దాకా బైక్ మీద వెళ్ళొచ్చాం, ఎక్కడా ఆగలేదు.