జేజిని వక్కాకు మానమన్నారు, ఉత్త తమలపాకు ఇవ్వచ్చా?

కడప ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది కడప. మా జేజికి 74 ఏళ్లు. కాపురానికి వచ్చినప్పటి నుంచి వక్కాకు వేసుకుంటోంది. మధ్యలో ఎప్పుడో పొగాకు కూడా అలవాటైంది. ఈమధ్య కారం తగిలితే చాలు నోరు మండుతోందని అంటుంటే పళ్ల డాక్టరుకు చూపించాం. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉందట. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇక పొగాకు, వక్క, సున్నం ఏవీ నోట్లో పెట్టకూడదన్నారు.

జేజి ఎదురు మాట్లాడలేదు. వక్కాకు తిత్తి మడిచి దేవుని గూట్లో పెట్టేసింది. కానీ అన్నం తిన్నాక ఏం చేయాలో తెలీక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. ఇన్నేళ్లూ ఆ వేళకు ఆకును కొంగుతో తుడిచి, తొడిమ తుంచి, గోటితో ఈనెలు తీసి, వెనకవైపు సున్నం రాసిన చేతులవి. వాటిని అట్లా ఖాళీగా చూడలేకపోతున్నాను.

అడగాల్సినవి మూడు. వక్క, సున్నం లేకుండా ఉత్త ఆకు ఇవ్వచ్చా? వచ్చే శుక్రవారం వరలక్ష్మి వ్రతం. ఈసారి తాంబూలాలు వద్దేమో అని అమ్మ అంటోంది, నిజంగా మానాలా? ఇంకొకటి, మా బాబుకు ఏడో నెల. జలుబు చేసింది. ఆకుకు ఆముదం రాసి వెచ్చజేసి రొమ్ము మీద వేయమంటోంది జేజి. వేయచ్చా?

చెన్నూరు కోడలు:

చెల్లీ, నా మెట్టినిల్లు చెన్నూరు. మా మామకు పెన్న పక్కన ఆకుతోట ఉండేది. అవిశ చెట్లు పెంచి వాటి మీదికి తీగ పాకించేవాళ్లు. చెప్పులు తోట బయటే విడవాలి, చిన్నాపెద్దా ఎవరైనా సరే. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల అడుగు పెడితే కాళ్ల కింద నేల చల్లగా, తడిగా ఉండేది. ఆ ఆకు అమ్మే మా ఆడబిడ్డల పెళ్లిళ్లు చేశారు. అందుకని ఆకును ఎవరైనా చులకన చేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

అయినా మా మామ సంగతి నీకు చెప్పాలి. ఆయన పొగాకు ఎప్పుడూ ముట్టలేదు. ఆకు, వక్క, సున్నం, అంతే. ముందు కారం పడకుండా పోయింది. తర్వాత ముద్ద చిన్నదైంది. వయసు మీద పడింది, అందుకే తక్కువ తింటున్నాడని మేం అనుకున్నాం. ఒకరోజు దోసె ముక్క నోట్లో పెట్టుకోలేక పక్కన పెట్టేస్తే అప్పుడు చూశాను, నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోవడం లేదు. బుగ్గలు లోపల తోలులాగా బిగుసుకుపోయాయి. వక్క వల్లే అన్నారు డాక్టరు. పొగాకు లేదు కదా అని మేం ధీమాగా ఉన్నాం, ఆ ధీమాయే మా కొంప ముంచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చిన విషయమిది: పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుంది. మా ఇంటిదాకా ఆ మాట రాలేదు.

జేజి నోరు ఎంత తెరుచుకుంటుందో ఇవాళే చూడు. ఆమె చేతి మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. పట్టకపోతే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చెప్పు.

ఉత్త ఆకు సంగతికొస్తే, ఇప్పుడు మాత్రం వద్దు. ఆకు విషమని కాదు. దానికి ఘాటు ఉంది, లవంగంలో ఉండే యూజినాల్ ఇందులోనూ ఉంటుంది. ముక్క తీసిన చోట భగ్గుమంటుంది. పుండు మానాక, రిపోర్టు చూసి డాక్టరు సరేనంటే, లేత ఆకులో కాస్త సోంపు, ఎండుకొబ్బరి, కలకండ పెట్టి ఇవ్వు. అన్నం తిన్నాక ఒక్కటి చాలు. నోరు ఎర్రగా పండదని మాత్రం ముందే చెప్పు. ఆ ఎరుపు వక్కా సున్నం కలిస్తే వచ్చేది, ఆకుది కాదు. మా అత్త ఆ ఎరుపు కోసమే మళ్లీ వక్క మొదలుపెట్టబోయింది.

తమలపాకు నమిలితే షుగర్ పోతుంది, కీళ్లనొప్పులు పోతాయి అని ఫోన్లలో తిరిగేవి నమ్మి జేజి మాత్రలు ఆపొద్దు. నోటి దుర్వాసన పోతుంది, తిన్నది అరిగినట్టు హాయిగా ఉంటుంది. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను.

ఆస్పత్రి అక్క:

నేను నర్సును. బాబు గురించి చెబుతాను. ఆకు వెచ్చజేసి వేయడం మన ఇళ్లలో పాత అలవాటే, నేను తప్పుపట్టను. కానీ జలుబు దానివల్ల తగ్గదు, వెచ్చదనానికి బిడ్డ కాస్త హాయిగా ఉంటాడు, అంతే. భయమల్లా కాలడం గురించే. ఆముదం రాసిన ఆకు మనం అనుకున్నదాని కంటే ఎక్కువ వేడెక్కుతుంది. పసిబిడ్డ చర్మం మరీ పలచన. పెనం మీద ఆకు వేసి తిన్నగా బిడ్డకు అంటిస్తే బొబ్బలెక్కుతాయి, అట్లా వచ్చిన బిడ్డలకు కట్టు కట్టాను. వేసే తీరాలంటే నీ మణికట్టు లోపలివైపు కాసేపు ఉంచి, గోరువెచ్చగా ఉంటేనే వేయి.

ఆకు రసంలో తేనె కలిపి నాకించొద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు పెట్టకూడదు. ఆకు తొడిమను ఆముదంలో ముంచి బిడ్డ విరేచనానికి వాడతారు కొందరు, అదీ వద్దు. నిద్రలో ఉన్నప్పుడు బాబు ఊపిరి ఒక నిమిషం నిండా లెక్కపెట్టు. 50 గానీ అంతకు మించి గానీ ఉన్నా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపో.

పూజారి గారబ్బాయి:

అక్కా, తాంబూలాలు ఎందుకు మానాలి? పూజలో నైవేద్యం తర్వాత చదివేది గుర్తు చేసుకోండి: ‘పూగీఫలైః సకర్పూరైః నాగవల్లీదళైర్యుతం, ముక్తాచూర్ణ సమాయుక్తం తాంబూలం ప్రతిగృహ్యతాం’. పూగీఫలం వక్క, నాగవల్లీదళం తమలపాకు, ముక్తాచూర్ణం ముత్యాల సున్నం. స్వీకరించు తల్లీ అని అమ్మవారికి సమర్పించడమే అది. నమిలి తీరాలని అందులో లేదు. పసుపు వినాయకుణ్ణి నిలిపేదీ తమలపాకు మీదే కదా. గండిలో ఆంజనేయస్వామికి ఆకుపూజ చేస్తే ఆకులన్నీ స్వామి ఒంటి మీదే ఉంటాయి. వీటిలో నమిలే మాటే లేదు.

వ్రతం రోజు వాయనంలో రెండేసి ఆకులు, అరటిపండు, పసుపు కుంకుమ, నానిన శనగలు, రవికగుడ్డ మామూలుగానే ఇవ్వండి. వక్క పొట్లాలు కొనకండి, మంచి వక్క ముక్క ఒకటి పెడితే చాలు. ఆకు చిరిగినది, వాడినది ఉండకూడదు. నాదొక మనవి. ఆకులు ఏరే పని జేజికే అప్పజెప్పండి. అంత బాగా ఆకు చూడ్డం మీ ఇంట్లో ఇంకెవరికి వచ్చు?

కడప ఆడపడుచు:

అక్కలకూ తమ్ముడికీ చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే చూశాం. జేజి నోట్లో మూడు వేళ్లు పట్టాయి, మూడోది మాత్రం కష్టంగా పట్టింది, డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను. రిపోర్టు సోమవారం వస్తుంది. బాబు ఊపిరి 38 ఉంది, పాలు తాగుతున్నాడు. ఆకు వేయలేదు.

నిన్న సాయంత్రం వంద ఆకుల కట్ట తెచ్చి జేజి ముందు పెట్టాను. చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత తడిగుడ్డ అడిగింది. ఒక్కొక్క ఆకు తీసి, తిరగేసి, తుడిచి, రెండేసి జోడీ కట్టింది. నల్లమచ్చ ఉన్నవి పదకొండు పక్కన పెట్టి, ‘ఇవి ఇంటికి వచ్చినోళ్లకు ఇచ్చేవి కావు, రేపు మార్చుకుని రా’ అని నన్నే కోప్పడింది. వారం తర్వాత మళ్లీ ఆ గొంతు విన్నాను.