ఇ 7 షార్ప్ 9 కార్డ్ డిస్టార్షన్‌లో రొదలా ఎందుకు వస్తోంది? థియరీ నేర్చుకోవాలా?

ఆరుతీగలు:
ఇ 7 షార్ప్ 9 (0-7-6-7-8-×, ఆరో తీగ నుంచి మొదటి తీగ వైపు; అంకె నొక్కే ఫ్రెట్, 0 ఖాళీ తీగ, × మోగించని తీగ) క్లీన్‌లో (ఏ ఎఫెక్టూ లేకుండా) అద్భుతంగా ఉంటుంది. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) వేయగానే ఏ స్వరమూ విడిగా వినపడదు, ఒకటే రొద. అదే సెట్టింగ్‌లో పవర్ కార్డ్ (రెండే స్వరాలది) మాత్రం శుభ్రంగా మోగుతుంది. ఇలాంటి గరుకు కార్డ్‌లు ఇంకొన్ని కావాలి. చెవితో వెతుక్కుంటే చాలా, థియరీ కూడా పట్టాలా? బ్యాండ్‌లో మిగతావాళ్లు "థియరీ చదివితే ఫీల్ పోతుంది" అంటున్నారు.

ట్యూబ్‌ఆంప్:
డిస్టార్షన్ మీరు వాయించిన స్వరాలతో ఆగదండీ. ప్రతి రెండు స్వరాల మొత్తాన్నీ తేడానూ కొత్త స్వరాలుగా పుట్టిస్తుంది. పవర్ కార్డ్ తీసుకోండి: ఇ 82.4 హెర్ట్జ్, బి 123.5. తేడా 41.1, అంటే దాదాపు కింది ఆక్టేవ్‌లోని ఇ. పుట్టిన స్వరం కూడా కార్డ్‌లోదే కాబట్టి ఇంకా బలంగా వినిపిస్తుంది.

ఇప్పుడు మీ కార్డ్ చూడండి. నాలుగో తీగ జి షార్ప్ 207.7, మూడో తీగ డి 293.7, రెండో తీగ జి 392. డి, జి షార్ప్‌ల తేడా 86. అది కింద ఖాళీగా మోగుతున్న ఆరో తీగ 82.4కి ఆనుకుని ఉంది, కాబట్టి సెకనుకి మూడున్నర సార్లకు పైగా ఊగుతుంది. జి, జి షార్ప్‌ల తేడా 184.3. అది ఎఫ్ షార్ప్, కార్డ్‌లో లేనే లేదు. రొద అక్కడి నుంచే వస్తోంది.

చేయాల్సింది: ఆరు, ఐదు తీగలు వదిలేసి నాలుగు, మూడు, రెండో తీగల మీది 6-7-8 ఫ్రెట్లు మూడే కొట్టండి. ఇ సంగతి బేస్ గిటార్ చూసుకుంటుంది. బేస్ లేకపోతే ముందు ఆరో తీగ విడిగా కొట్టి, దాన్ని అరచేత్తో ఆపి, తర్వాత పై మూడు. గిటార్ వాల్యూమ్ నాబ్ 10 నుంచి 5, 6కి దించండి. పెడల్ మార్చేముందు ఇది చూడండి, పైసా ఖర్చు లేదు. ఈక్యూ పెడల్ (కింది, పై స్వరాల మోతాదు మార్చేది) ఉంటే డిస్టార్షన్‌కి ముందు పెట్టి కింది స్వరాలు (లో) తగ్గించండి. తర్వాత పెడితే అప్పటికే పుట్టిన రొద పోదు.

సెమీటోన్:
పైది సరైన జవాబే. థియరీ ఎక్కడ పనికొస్తుందో చెప్తాను.

మీ కార్డ్‌లో జి షార్ప్ కింద, జి పైన ఉన్నాయి, మధ్య 11 సెమీటోన్లు (ఒక్కోటి ఒక ఫ్రెట్ దూరం). వాటినే తిరగేసి జి కింద, జి షార్ప్ పైన పెట్టండి: 0-×-5-7-9-×. ఇప్పుడు దూరం 13. స్వరాల పేర్లు అవే, కానీ వినేవాళ్లు తప్పు వాయించారనుకుంటారు. కింది స్వరానికి 13 సెమీటోన్ల పైన ఇంకోటి కూర్చుంటే చెవికి బాగా గుచ్చుకుంటుంది. ఏ కార్డ్ మరీ కర్ణకఠోరంగా ఉన్నా ముందు ఈ 13 కోసం వెతకండి, దొరికితే రెంటినీ తారుమారు చేయండి.

దీనికి మినహాయింపు 7 ఫ్లాట్ 9, మూలస్వరానికి 13 సెమీటోన్ల పైన ఇంకో స్వరం ఉండే కార్డ్. బి 7 ఫ్లాట్ 9 (×-2-1-2-1-2) వాయించి వెంటనే ఇ మైనర్ (0-2-2-0-0-0) పట్టండి. నాలుగో తీగ ఒక ఫ్రెట్ పైకి, రెండో తీగ ఒకటి కిందికి, ఒకటో తీగ, మూడో తీగ రెండేసి కిందికి. ప్రతి స్వరమూ పక్క మెట్టు మీదికే దిగుతుంది, అందుకే ఆ గరుకు హాయిగా కరుగుతుంది.

అసలు లాభం ఇక్కడ. పై నాలుగు తీగల ఆకారం (1-2-1-2) మూడు ఫ్రెట్లు జరిపితే మళ్లీ అవే నాలుగు స్వరాలు వస్తాయి. కాబట్టి అది బి, డి, ఎఫ్, ఎ ఫ్లాట్ నాలుగింటికీ 7 ఫ్లాట్ 9 అవుతుంది, ఇ, జి, బి ఫ్లాట్, సి షార్ప్‌లలో ఎటైనా దిగొచ్చు. చెవితో వెతికితే ఒక దారి దొరికాక అక్కడే ఆగిపోతాం.

ఇంకో రెండు వాయించి చూడండి: 0-2-4-0-0-0లో ఎఫ్ షార్ప్, జి పక్కపక్కనే ఉంటాయి. 1-3-3-2-0-0లో ఎఫ్ మీద బి, ఇ ఖాళీ తీగలు మోగుతాయి. రెండూ క్లీన్‌లోనే. పేర్లు బట్టీపట్టడం మాత్రం థియరీ కాదు, మీ బ్యాండ్‌వాళ్ల భయం దాని గురించయితే నిజమే.

మేళకర్త34:
కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఈ కార్డ్ కొత్త కాదు. ఇ షడ్జం అనుకుంటే జి షట్‌శ్రుతి రిషభం, జి షార్ప్ అంతర గాంధారం, డి కైశికి నిషాదం. ఈ మూడూ 34వ మేళం (జనక రాగం) వాగధీశ్వరిలో ఉన్నాయి. 72 మేళాల్లో 40 ఇలాంటి వివాది (పక్కపక్క స్వరాలు గుచ్చుకునే) మేళాలే. తేడా ఏమిటంటే, రాగంలో రి, గ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, కార్డ్‌లో ఒకేసారి మోగుతాయి. ఆరో తీగ మోగిస్తూ మొదటి తీగ మీద 0-3-4-7 వాయిస్తే ఆ గరుకు రాగంలో ఎలా ఉంటుందో తెలుస్తుంది. డిస్టార్షన్ ఎక్కువ కావాలంటే ఇదే తేలిక.

ట్యూబ్‌ఆంప్:
ఒకటి మర్చిపోయాను. గరుకు వేరు, శ్రుతి తప్పడం వేరు. 12వ ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తాకి తీసే హార్మోనిక్‌నీ, అదే ఫ్రెట్ నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది ఎక్కువ చూపిస్తే బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్ మెడకు దూరంగా జరపాలి, తక్కువైతే దగ్గరికి. గట్టిగా నొక్కడం తగ్గించండి. ఇ మీద జి షార్ప్ ఫ్రెట్ల గిటార్‌లో స్వతహాగానే శుద్ధ శ్రుతి కంటే 14 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) ఎక్కువ, మీ వేలి బలం ఇంకొంచెం కలుపుతుంది.

ఆరుతీగలు:
మూడు తీగలతో శుభ్రంగా వస్తోంది, థ్యాంక్సండీ. డిలోకి జరిపితే (×-5-4-5-6-×) మళ్లీ కింద ఏదో మోగుతోంది.

సెమీటోన్:
అది ఖాళీ ఆరో తీగ, ఇ. డికి అది 9వ స్వరం, మీ షార్ప్ 9కి (ఎఫ్) అడ్డుపడుతుంది. ఐదో తీగ మీది మధ్యవేలి కొనను కొంచెం పైకి తోసి ఆరో తీగకు తగిలించండి, నొక్కకూడదు. చిటికెన వేలి అడుగు భాగం మొదటి తీగను ఆపుతుంది. ఏడో ఫ్రెట్ దగ్గర క్లీన్‌లో ఆరో తీగ మోగితే నష్టం లేదు, అక్కడ ఇ మూలస్వరమే.