అప్‌డేట్: సెయింట్ థామస్‌లో ఓడ ఆగిన రోజు మేగెన్స్ బేకే వెళ్లాం

మా క్రూయిజ్ ఓడ కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవిలో ఒక రోజు ఆగుతుంది, నాలుగేళ్ల పాపతో, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతో అక్కడి బీచ్‌లలో మేగెన్స్ బే మేలా, కోకి బీచ్ మేలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మేగెన్స్ బేకే వెళ్లాం. ఆ సలహా ఇచ్చినవాళ్లందరికీ చాలా థాంక్స్ అండీ.

లోపలికి టికెట్ ఉంది. మెత్తటి ఇసుక, అలలు దాదాపు లేవు, చాలా దూరం నడిచినా పాపకు నీళ్లు నడుం దాకానే. అత్తయ్య ముందు చెట్టు నీడలో కూర్చున్నారు. కాసేపటికి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తనే నీళ్లలోకి దిగారు. పాప ఆవిడ వేలు వదల్లేదు. లైఫ్‌గార్డులు, బాత్‌రూములు కూడా ఉన్నాయి.

ఓడ ఆగిన హేవెన్‌సైట్ రేవు నుంచి షేర్ టాక్సీలో వెళ్లాం. ఛార్జీ బండికి కాదు, మనిషికింత అని. ఓడవాళ్ల టూర్ అక్కర్లేకపోయింది. తిరుగు టాక్సీ దొరకదేమోనని ఊరికే భయపడ్డాను, బయటే వరసగా ఉన్నాయి. స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్లలో చేపల్ని చూడటం) కావాలంటే మాత్రం కోకీనే.

ఇంకొకటి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్‌లు అక్కడ 2020 నుంచి నిషేధం. బయల్దేరేముందు మా ట్యూబు వెనక చదివితే వాటిలో రెండు ఉన్నాయి. అది ఇంట్లోనే వదిలేసి జింక్ ఆక్సైడ్‌ది కొనుక్కున్నాం.