‘ఒంటరి జంట’ అన్న మాట మార్చుకోవచ్చా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. లోన్ పెయిర్‌ను, అంటే బంధంలో చేరకుండా ఒక పరమాణువు దగ్గరే ఉండే ఎలక్ట్రాన్ల జంటను, మనం ‘ఒంటరి జంట’ అంటున్నాం. నిన్న నీటి అణువుకు ఆర్బిటాల్ పటం (ఎలక్ట్రాన్లుండే ఆర్బిటాల్‌ల శక్తిని గీతల ఎత్తుతో చూపేది) వేయిస్తుంటే ఈ మాట దగ్గరే ఆగిపోయాను.

పుత్తూరు నుంచి వచ్చే అమ్మాయి బోర్డు మీద ఆక్సిజన్ నెత్తిన కుందేలు చెవుల్లా రెండు గీసింది. రెండూ ఒకే కొలత. ‘‘రెండూ ఒంటరి జంటలే గదా మేడమ్, తేడా ఏముండాది?’’ అంది. ఆ పిల్ల తప్పేం లేదు, మాటే అలా అనిపిస్తోంది.

తేడా పటంలో కనిపిస్తుంది. ఒక పక్క ఆక్సిజన్ 2ఎస్, 2పీ ఆర్బిటాల్‌ల గీతలు. ఇంకో పక్క హైడ్రోజన్ల 1ఎస్‌లు రెండూ ఒకే గుర్తుతో కలిసినది ఒకటి, ఎదురు గుర్తులతో కలిసినది ఒకటి. అణువు కాగితం మీద పరుచుకుని ఉందనుకోండి. మొదటి జంట ఉన్నది కాగితానికి నిలువుగా నిలబడిన 2పీలో. అది ఈ రెండింటిలో దేనితోనూ కలవదు, దాని గీత ఉన్న ఎత్తులోనే ఉండిపోతుంది. రెండో జంట కాగితంలోనే ఉంది కాబట్టి హైడ్రోజన్లతో కొంత కలిసి కిందికి దిగుతుంది. ఎలక్ట్రాన్‌ను ఊడలాగడానికి మొదటిదానికి దాదాపు 12.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, రెండోదానికి 14.7 దాకా కావాలి. అణువు తిన్నగా ఉండి ఉంటే రెండూ సమానంగానే ఉండేవి. 104.5 డిగ్రీల కోణంలో వంగబట్టే ఒకటి దిగింది. వంగితే ఏ గీత ఎటు కదులుతుందో 1953లో వాల్ష్ అనే రసాయన శాస్త్రవేత్త పటాలు గీసి చూపించాడు.

అసలు జంటగా ఉన్నది ఒంటరి ఎలా అవుతుంది? ఇక్కడ ‘లోన్’ అంటే పక్క పరమాణువుతో పంచుకోలేదని. ‘పంచుకోని జంట’ అంటే సరిపోదా?

జవాబు:
మేడమ్, మాట బాగుంది. కానీ రెండోది హైడ్రోజన్లతో కొంత కలుస్తుందని మీరే అన్నారు. అప్పుడది పంచుకున్నట్టే కదా?

జవాబు:
నిజమే సార్, నేను అంత దూరం ఆలోచించలేదు. అయితే ‘పంచుకోని జంట’ను ఎలక్ట్రాన్లను చుక్కలుగా చూపే బొమ్మ వరకే ఉంచుకుందాం. ఆర్బిటాల్ పటంలో నిలువుదాన్ని ‘అబంధక’ (బంధంలో చేరనిది) అని, రెండోదాన్ని ‘కొంచెం కలిసినది’ అని చెబుతాను. పొద్దున క్లాసులో ఇలాగే చెప్పి మళ్లీ గీయించాను. ఆ అమ్మాయి నిలువు 2పీ గీతను ఎర్ర చాక్‌పీసుతో వేసి, దాని ఒక్కదాని పక్కనే ‘ఒంటరి’ అని రాసింది.